దానమా? ఋణమా?

దుకాణములో వ్రేలాడు చొక్కా మెడపట్టీకి లోపలి వైపున చిన్న గుడ్డపేలిక యొకటి కుట్టబడి యుండును. అది ఏ దేశములో తయారైనదో, ఏ నీటిలో ఉతుకవలెనో, ఎంత వేడిమితో ఇస్త్రీ చేయవలెనో దానిపై వ్రాసి యుండును. కుట్టిన చేతులు ఎవరివో మాత్రము ఉండదు. పూర్వము నేసినవాడును కట్టుకొన్నవాడును ఇంచుమించు ఒకే ప్రాంతమువారు. సంతలో చీర కొనునపుడు నేతగాని పేరే కాక, అతని యింటి కష్టసుఖములు కూడ కొనువారికి తెలిసి యుండెడివి. నేడు పత్తి ఒక ఖండమున పండును. నూలు మరియొక దేశమున వడకబడును. గుడ్డ వేరొక చోట నేయబడును. చొక్కా ఇంకొక చోట కుట్టబడి, సముద్రములు దాటి, ఎక్కడనో అమ్ముడుపోవును. దూరము పెరిగిన కొలది వస్తువు వెల తగ్గినది. కుట్టినవారి క్షేమమునకు బాధ్యులెవరను ప్రశ్నకు సమాధానము కూడ అంతకంతకు మసకబారినది.

ఆ ప్రశ్నను ఇక దాటవేయుటకు వీలులేకుండ ప్రపంచము ముందు నిలిపిన దినము 2013వ సంవత్సరము ఏప్రిల్ 24.

సావార్‌లో ఆ ఉదయము

బంగ్లాదేశ్ రాజధానియైన ఢాకా నగర పొలిమేరలో సావార్ అను పట్టణము కలదు. అచట రాణా ప్లాజా అను ఎనిమిదంతస్తుల మేడ యుండెను. క్రింద దుకాణములు, ఒక బ్యాంకు శాఖ. పైన ఐదు దుస్తుల ఫ్యాక్టరీలు. ఐరోపా, అమెరికా దేశముల అంగళ్ళకు పోవు చొక్కాలు, పంట్లాములు అచట కుట్టబడుచుండెను. పల్లపు నేలను పూడ్చి కట్టిన మేడ అది. దానిపై అనుమతి లేకయే అదనపు అంతస్తులు లేపిరి. అంగళ్ళకును కార్యాలయములకును ఉద్దేశించిన కట్టడముపై వేలకొలది మనుష్యుల బరువును, కుట్టుమిషన్ల బరువును, కరెంటు ఆగినపుడు నడుపు పెద్ద జనరేటర్ల అదురును మోపిరి.

ఏప్రిల్ 23న స్తంభములలో, గోడలలో పగుళ్ళు కనిపించెను. పనివారిని బయటకు పంపివేసిరి. ఒక ఇంజనీరు వచ్చి చూచి, ఈ కట్టడము క్షేమకరము కాదని చెప్పెను. మరునాడు బ్యాంకు తెరవలేదు. దుకాణములును తెరవలేదు. పై అంతస్తులలోని ఫ్యాక్టరీలు మాత్రము తెరచిరి. లోనికి పోవుటకు జంకిన పనివారిని జీతము కోసివేయుదుమని బెదిరించిరని బ్రతికి బయటపడినవారు పిదప చెప్పిరి. ఉదయము తొమ్మిది గంటలు కాకమునుపే కరెంటు ఆగెను. జనరేటర్లు కదలెను. కొలది నిమిషములలో మేడ కుప్పగా కూలెను. మరణించినవారు 1,130 మందికి పైగా. ప్రాణములతో వెలికి తీయబడినవారు సుమారు 2,500 మంది. వీరిలో ఎందరో కాళ్ళు చేతులు కోల్పోయిరి.

సైన్యముతోపాటు చుట్టుప్రక్కల సామాన్యులే పరుగున వచ్చి, వట్టి చేతులతో శిథిలములను తొలగించిరి. ఫ్యాక్టరీలోని గుడ్డ తానులనే జారుడుబల్లలవలె పరచి గాయపడినవారిని క్రిందికి దించిరి. పదునేడవ దినమున ఒక యువతి శిథిలముల క్రిందనుండి సజీవముగా బయటపడెను. దాపుననున్న అధర్ చంద్ర ఉన్నత పాఠశాల ఆవరణలో మృతదేహములను వరుసగా పరుండబెట్టిరి. పిల్లలు ఆడుకొను ఆ స్థలములో, తమవారి ఛాయాచిత్రములను చేతబట్టుకొని తల్లిదండ్రులు, భర్తలు, బిడ్డలు దినముల తరబడి తిరిగిరి. తస్లీమా అఖ్తర్ అను ఛాయాచిత్రకారిణి శిథిలముల నడుమ తీసిన చిత్రమొకటి ప్రపంచమంతటికి చేరినది. ఒకరినొకరు కౌగిలించుకొని ప్రాణములు విడిచిన ఇరువురి చిత్రమది.

ఈ ఘటనలో విద్యార్థులు ప్రత్యేకముగా గమనింపవలసిన విషయమొకటి కలదు. పగుళ్ళను అందరును చూచిరి. బ్యాంకు యాజమాన్యము తన సిబ్బందిని రావలదన్నది, వారు బ్రతికిరి. కుట్టుపనివారును భయపడిరి, వారిని లోనికి పంపిరి. వారికి లోపించినది తెలివి కాదు, ధైర్యమును కాదు. “మేము రాము” అని పదుగురు కలిసి చెప్పగల బలము లోపించినది. రాణా ప్లాజాలోని ఐదు ఫ్యాక్టరీలలో ఒక్కదానియందును కార్మిక సంఘము లేకుండెను.

గొలుసులో ఎవరి పాలు ఎంత?

ఈ పరిశ్రమ బంగ్లాదేశ్‌కు చేసిన మేలును తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు. 1970 దశకము చివర దేశ్ అను సంస్థ దక్షిణ కొరియాకు చెందిన దేవూ సంస్థతో ఒప్పందము చేసికొని, 130 మందిని శిక్షణకై ఆ దేశమునకు పంపెను. తిరిగివచ్చినవారిలో అనేకులు స్వయముగా ఫ్యాక్టరీలు నెలకొల్పిరి. నాలుగు దశాబ్దములలో ఆ దేశపు ఎగుమతులలో నూటికి 80 వంతులకు మించి దుస్తులే అయినవి. సుమారు 40 లక్షల మందికి అందు పని దొరికినది. వారిలో అధిక సంఖ్యాకులు పల్లెలనుండి వచ్చిన స్త్రీలు. నెల తిరుగుసరికి తన చేతిలో తన జీతము చూచుకొనుట వారిలో చాలమందికి తమ తల్లులు ఎరుగని సంగతి.

అయిన ఆ జీతమెంత? 2013లో మేడ కూలిన నాటికి దుస్తుల పరిశ్రమలో కనీస వేతనము నెలకు 3,000 టాకాలు.

ఇంత తక్కువకు కారణమేమో తెలియవలెనన్న ఆర్డరు నడచు తీరు తెలియవలెను. పేరుమోసిన కంపెనీకి సాధారణముగా సొంత కుట్టుమిషను ఒక్కటియు ఉండదు. దానికున్నవి పేరు, నమూనా, దుకాణములు, ప్రకటనలు. అది ఒక మధ్యవర్తికి ఆర్డరు నిచ్చును. మధ్యవర్తి నాలుగు దేశములలో ధర విచారించి, తక్కువకు ఒప్పుకొన్న ఫ్యాక్టరీకి ఇచ్చును. ఆ ఫ్యాక్టరీ తన శక్తికి మించిన భాగమును మరియొక చిన్న ఫ్యాక్టరీకి అప్పగించును. ఆ చిన్న ఫ్యాక్టరీ పేరు పై కంపెనీ కాగితములలో ఉండవచ్చును, ఉండకపోవచ్చును. ఓడకు సరుకు అందవలసిన తేదీ తప్పినచో విమానములో పంపవలెను. ఆ ఖర్చు ఫ్యాక్టరీదే, లేనిచో ధర తగ్గించి ఇయ్యవలెను. గుడ్డ ధర ఫ్యాక్టరీ యజమాని చేతిలో లేదు. కరెంటు ధరయు లేదు. అతని చేతిలో మిగిలినవి కూలి, పని గంటలు, గోడలు, మెట్లు, తలుపులు. కోత పడవలసి వచ్చినపుడు పడునది వీనిమీదనే.

ఇట్లు ఒక్కొక్కరును తమ వాటాను మాత్రమే చూచుకొందురు. కంపెనీ ఆర్డరు నిచ్చినది. చట్టమును మీరుమని చెప్పలేదు. మధ్యవర్తి ధర కుదిర్చినాడు; పగుళ్ళు అతడు చూడలేదు. యజమాని తేదీని నిలుపుకొన్నాడు. అధికారి కాగితముపై సంతకము చేసినాడు. తిలా పాపము తలా పిడికెడు. పిడికెడేసి పంచుకొన్నవారెవ్వరును ఆ మేడ క్రింద లేరు.

తనిఖీల తతంగము

పెద్ద కంపెనీలు ఈ విషయమును బొత్తిగా పట్టించుకొనలేదనుట సత్యము కాదు. 1991లో లీవై స్ట్రాస్ సంస్థ తనకు సరుకు కుట్టి ఇచ్చు ఫ్యాక్టరీలు పాటింపవలసిన నియమావళిని ప్రకటించెను. తరువాత పదిపదునైదేండ్లలో అట్టి నియమావళి లేని పెద్ద కంపెనీ అరుదైనది. బాలలచే పని చేయింపరాదు, తలుపులకు తాళము వేయరాదు, అధిక గంటలకు అధిక వేతనమీయవలెను అని అందు వ్రాసియున్నది. అవి అమలగుచున్నవా లేదా యని చూచుటకు తనిఖీ సంస్థలు వెలసినవి. తనిఖీయే ఒక వ్యాపారమైనది.

తనిఖీ యెట్లుండునో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చు దినము ముందే తెలిసిన బడిలో గోడలకు సున్నము పడును, హాజరు పట్టీ నిండును, గట్టిగా చదువు పిల్లలు ముందు బల్లలపైకి వత్తురు. ఫ్యాక్టరీలోను అంతే. ఆ దినమున దారులలోని మూటలు తొలగును, తాళములు ఊడును, పని గంటల లెక్కకు రెండవ పుస్తకము బయటకు వచ్చును, ఏమి అడిగిన ఏమి చెప్పవలెనో పనివారికి ముందుగనే నేర్పబడును. తనిఖీ ఖర్చు అనేక పర్యాయములు ఫ్యాక్టరీయే భరించును. నివేదిక కంపెనీ బీరువాలో ఉండునే కాని, ఆ మేడలో పనిచేయువారికి చూపరు.

2012 సెప్టెంబరు 11న కరాచీ నగరములో అలీ ఎంటర్‌ప్రైజెస్ అను దుస్తుల ఫ్యాక్టరీ తగులబడి 250 మందికి పైగా మరణించిరి. ఆ ఫ్యాక్టరీకి కార్మిక క్షేమ విషయమున అంతర్జాతీయ యోగ్యతాపత్రము లభించి కొన్ని వారములు మాత్రమే అయినది. అది సొమ్ముకై బెదిరించినవారు పెట్టిన నిప్పని పాకిస్తాన్ న్యాయస్థానమొకటి 2020లో తీర్పు చెప్పెను. కాని నిప్పు ఎవరు పెట్టినను, మూసిన దారులును, ఇనుపచువ్వల కిటికీలును పెట్టినవారు వేరు. అదే సంవత్సరము నవంబరు 24న ఢాకా సమీపమున తజ్రీన్ ఫ్యాషన్స్ అను ఫ్యాక్టరీ అగ్నిప్రమాదములో 110 మందికి పైగా మరణించిరి. ప్రమాద గంట మ్రోగిన పిదప కూడ పనిలో కూర్చుండుడని పైవారు చెప్పిరని అచటి పనివారు వాపోయిరి.

రాణా ప్లాజాలోని కొన్ని ఫ్యాక్టరీలను కూడ తనిఖీదారులు చూచియే యుండిరి. మేడ బలము వారి ప్రశ్నల పట్టికలో లేదు. పైన పటారము, లోన లొటారము అను సామెతకు ఇంతకన్న విషాదకరమైన ఉదాహరణము దొరకదు.

నూరేండ్ల నాటి నిప్పు

ఈ విషాదము పేద దేశముల తలవ్రాత యని తలచుట పొరపాటు. 1911 మార్చి 25న అమెరికాలోని న్యూయార్క్ నగరములో ట్రయాంగిల్ అను రవికల ఫ్యాక్టరీకి నిప్పంటుకొన్నది. 146 మంది మరణించిరి. వారిలో ఎక్కువమంది ఇటలీనుండియు, తూర్పు ఐరోపా యూదు కుటుంబములనుండియు పొట్ట చేతబట్టుకొని వచ్చిన పడుచులు. తొమ్మిదవ అంతస్తులో ఒక ద్వారమునకు తాళము వేసియుండెను. అగ్నిమాపక దళమువారి నిచ్చెనలు అంత యెత్తునకు అందలేదు. అనేకులు కిటికీలనుండి దూకి మరణించిరి. 1909లో నగరమందలి రవికల కుట్టుపనివారు చేసిన గొప్ప సమ్మెలో ఆ ఫ్యాక్టరీవారును పాల్గొనిరి. కాని యాజమాన్యము వారి సంఘమును గుర్తింపలేదు.

ఆ దినమున వీధిలో నిలిచి ఆ దృశ్యమును చూచినవారిలో ఫ్రాన్సిస్ పెర్కిన్స్ అను యువతి యుండెను. న్యూయార్క్ రాష్ట్రములో ఫ్యాక్టరీల స్థితిగతులపై జరిగిన విచారణలో ఆమె పనిచేసెను. ఆ విచారణ ఫలితముగ అగ్ని రక్షణ, పని గంటలు మున్నగు విషయములలో పెక్కు చట్టములు వచ్చినవి. 1933లో ఆమె అమెరికా కార్మికశాఖ మంత్రిణి యయ్యెను; ఆ దేశ మంత్రివర్గములో స్థానము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. న్యూయార్క్‌లో తలుపుల తాళములు ఊడినది యజమానుల దయాగుణముచేత కాదు. చట్టము, సంఘము, ప్రజల కోపము మూడును ఏకమైనందువలన. తరువాత కాలమున కుట్టుపని చట్టము గట్టిగ నున్న చోటునుండి వదులుగ నున్న చోటికి, దేశమునుండి దేశమునకు తరలిపోయినది. నిప్పును, తాళమును దాని వెంట నడచినవి.

మాట కాదు, ఒడంబడిక

వ్యాపారికి సమాజముపట్ల బాధ్యత కలదా యను చర్చ పాతది. 1953లో హోవర్డ్ బోవెన్ అను అమెరికా ఆర్థికవేత్త కలదని ఒక గ్రంథమే వ్రాసెను. నియమములకు లోబడి లాభము గడించుటయే వ్యాపార సంస్థ బాధ్యత యని 1970లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ వాదించెను. 2011లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల మండలి ఆమోదించిన మార్గదర్శక సూత్రములు ఈ వాదమును మరియొక దారికి మలచినవి. హక్కులను రక్షించుట ప్రభుత్వము విధి. వానిని గౌరవించుట కంపెనీ విధి. హాని జరిగినచో పరిహారము దొరకవలెను. కంపెనీ తన ఆవరణలోనే కాక, తన సరుకు వచ్చు గొలుసంతటను చూచుకొనవలెనని వాని సారాంశము. కాని సూత్రములకు కోర్టు లేదు.

రాణా ప్లాజా కూలిన మూడు వారములకు, 2013 మే నెలలో, బంగ్లాదేశ్ అగ్ని, భవన భద్రతా ఒడంబడిక కుదిరినది. ఇట్టి పత్రము ముసాయిదా అంతకు మునుపే సిద్ధముగ నుండెను. 2012 నాటికి దానిపై సంతకము చేసినవి రెండే కంపెనీలు. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నట్లు, వేయిమందికి పైగా మరణించిన తరువాత 200కు పైగా కంపెనీలు చేరినవి. సుమారు 1,600 ఫ్యాక్టరీలు, 20 లక్షల పనివారు దాని పరిధిలోనికి వచ్చిరి.

దీని విశేషములు మూడు. మొదటిది: ఒక ప్రక్క కంపెనీలు, మరియొక ప్రక్క బంగ్లాదేశ్ కార్మిక సంఘములు, అంతర్జాతీయ కార్మిక సమాఖ్యలు సమానముగ సంతకము చేసిరి, అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రతినిధి తటస్థుడై అధ్యక్షత వహించెను. రెండవది: ఇంజనీర్లు కనుగొన్న లోపములు ఫ్యాక్టరీవారీగ అందరికిని ప్రకటింపబడినవి. బాగుచేయని ఫ్యాక్టరీకి ఆర్డర్లు నిలిపివేయవలెను. బాగుచేయుటకు సొమ్ము సమకూరునట్లు కంపెనీ చూడవలెను. మూడవది, అన్నిటికన్న ముఖ్యమైనది: మాట తప్పిన కంపెనీని మధ్యవర్తి న్యాయస్థానమునకు ఈడ్వవచ్చును. ఇది కాగితముపై మిగిలిపోలేదు. 2016లో కార్మిక సమాఖ్యలు రెండు కంపెనీలపై హేగ్ నగరమునందలి శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానము ఆధ్వర్యమున వ్యాజ్యములు వేసినవి. రెండును రాజీపడినవి, అందొక కంపెనీ 2018 జనవరిలో 23 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది.

ఫలితము కంటికి కనిపించునట్టిది. తాళము వేయదగిన గేట్లు తొలగి, నిప్పునకు తట్టుకొను తలుపులు వచ్చినవి. బలహీనమైన స్తంభములకు కట్టు వేసిరి. మొదట కనుగొన్న లోపములలో నూటికి 80 వంతులకు పైగా 2018 నాటికి సరిచేయబడినవి. 2021లో ఇది అంతర్జాతీయ ఒడంబడికగ మారి, తరువాత పాకిస్తాన్‌కును విస్తరించినది. మరణించినవారి కుటుంబములకు, గాయపడినవారికి పరిహారమిచ్చుటకు నిర్ణయించిన 3 కోట్ల డాలర్ల నిధి 2015 జూన్ నాటికి పూర్తియైనది. రెండేండ్లు పట్టినది, దానిని నింపుటకు ఎందరో కంపెనీల గుమ్మముల ముందు నిలిచి అడుగవలసి వచ్చినది.

తీరని సంగతులు

గోడలు బలపడినవి, కూలి అంతగా బలపడలేదు. కనీస వేతనము 2013 డిసెంబరులో 5,300 టాకాలు, 2018లో 8,000, 2023లో 12,500 అయినది. కడపటి పర్యాయము పనివారి సంఘములు కోరినది 23,000. ఆ కోరికకై వీధులకెక్కినవారిలో కొందరు ప్రాణములు కోల్పోయిరి. సంఘము పెట్టుట అంతకు మునుపునుండియు ప్రమాదకరమైన పనియే. కార్మిక నాయకుడు అమీనుల్ ఇస్లామ్ 2012 ఏప్రిల్‌లో హత్య గావింపబడెను. పండ్రెండేండ్ల ప్రాయమున కుట్టుపనిలో చేరి, సంఘము కొరకు పాటుపడి ఉద్యోగము పోగొట్టుకొన్న కల్పనా అఖ్తర్ తరువాత ఆ దేశపు కార్మికోద్యమమునకు ప్రసిద్ధ ప్రతినిధి యయ్యెను.

2020లో కరోనా వ్యాపించినపుడు అనేక కంపెనీలు కుట్టి సిద్ధముగనున్న సరుకునకు కూడ ఆర్డర్లు రద్దుచేసినవి, లేదా నిలిపివేసినవి. వాని విలువ సుమారు 300 కోట్ల డాలర్లని బంగ్లాదేశ్ దుస్తుల యజమానుల సంఘము లెక్క చెప్పెను. నియమావళి గోడపై వ్రేలాడుచునేయున్నది. జీతము లేక ఇంటికి పోయినది పనివారు. ఇక న్యాయస్థానముల సంగతి. రాణా ప్లాజా బాధ్యులపై 2016లో హత్యారోపణలు నమోదైనవి. మేడ కూలి పదేండ్లు నిండిన 2023 నాటికి కూడ తీర్పు రాలేదు.

ఐరోపాలో చట్టములు కొంత ముందుకు నడచినవి. తమ సరుకు గొలుసులో మానవ హక్కుల భంగము జరుగకుండ పెద్ద కంపెనీలు జాగ్రత్తపడవలెనని ఫ్రాన్సు 2017లోను, జర్మనీ 2021లోను శాసించినవి. ఐరోపా సమాఖ్య 2024లో అట్టి నిర్దేశమును ఆమోదించినది. మరుసటి సంవత్సరమే దానిని సడలించు ప్రతిపాదనలు వచ్చినవి. 2022లో అంతర్జాతీయ కార్మిక సంస్థ క్షేమకరమైన పనిచోటును కార్మికుని మౌలిక హక్కులలో చేర్చినది.

దానము, ఋణము

తెలుగునాట ఈ విషయము పరాయిది కాదు. అచ్యుతాపురమునందలి దుస్తుల ఫ్యాక్టరీలలోను, తడ సమీపమునందలి పాదరక్షల ఫ్యాక్టరీలోను వేలకొలది తెలుగు యువతులు విదేశీ విపణులకు సరుకు తయారుచేయుచున్నారు. సామాజిక బాధ్యత యను మాటయు ఇచట సుపరిచితమే. మన దేశమున 2013 నాటి కంపెనీల చట్టము 135వ విభాగము ప్రకారము, నిర్ణీత పరిమాణమునకు మించిన కంపెనీలు గత మూడేండ్ల సగటు నికర లాభములో నూటికి 2 వంతులు సమాజహిత కార్యములకు వ్యయము చేయవలెను. 2014 ఏప్రిల్ 1 నుండి ఇది అమలులో నున్నది. ఆ సొమ్ముతో కట్టిన తరగతి గదులు, మరుగుదొడ్లు, మంచినీటి యంత్రములు అనేక పాఠశాలలలో కలవు. వానిపై కంపెనీ పేరుగల ఫలకములును కలవు. వానివలన మేలు జరుగుచున్నది.

అయితే ఆ నియమములలోనే ఒక సూక్ష్మము కలదు. తన ఉద్యోగులకు మాత్రమే ఉపకరించు ఖర్చును కంపెనీ ఈ లెక్కలో చూపరాదు. అది సబబైన నిబంధన. పనివానికి ఇచ్చు కూలి, అతడు నడచు మెట్లు, అతడు బయటపడు ద్వారము దానము క్రిందికి రావు, అవి ఋణము. దానము చేసినవాని పేరు ఫలకముపై చెక్కుట లోకాచారము. ఋణము తీర్చినందుకు ఎవ్వరును ఫలకము వేయరు. తీర్చకున్న అడుగు హక్కు మాత్రము ఋణదాతకు కలదు. ఊరిలో బడి కట్టించి, ఫ్యాక్టరీలో తలుపునకు తాళము వేసిన కంపెనీ దాత కాజాలదు.

ఈ భేదమును కొలుచుటకు పెద్ద గ్రంథములు అక్కరలేదు. బంగ్లాదేశ్ ఒడంబడికలో ఒక చిన్న నిబంధన కలదు: ప్రమాదమున్నదని నమ్ముటకు తగిన కారణమున్నపుడు, పనివాడు ఆ కట్టడములోనికి పోనని చెప్పవచ్చును, అందువలన అతని జీతమునకు భంగము రాదు. 2013 ఏప్రిల్ 24 ఉదయమున ఆ ఒక్క వాక్యము అమలులో నుండినచో, 1,130 మందికి పైగా ఆ సాయంకాలము ఇండ్లకు చేరియుందురు. ఏ దేశమునందైనను, ఏ కంపెనీయైనను తన సామాజిక బాధ్యతను గూర్చి ప్రకటించునపుడు అడుగవలసిన ప్రశ్న ఇదియే. గోడలో పగులు చూచిన కుట్టుపనివాడు “నేను లోనికి రాను” అని చెప్పి, నెలాఖరున పూర్తి జీతము తీసికొనగలడా?